ఐదింటి తెర

తోట నడిబొడ్డున ఒక గడియారం ఉంది. దాని ముళ్లు ఆగిపోయి చాలా ఏళ్లయింది. అయినా అక్కడ పనిచేసేవాళ్లెవరూ సాయంత్రం ఐదు ఎప్పుడయిందో తెలియక ఇబ్బందిపడలేదు. ఆమె చేతులు కడుక్కుని, కొంగు బిగించి, చామంతి మడుల వైపు నడిచిందంటే ఐదుకి ఐదు నిమిషాలు తక్కువ. అందుకే ఆమెకి ఐదింటక్క అని పేరు పడింది. ఆ పేరు పెట్టినవాళ్లలో సగం మంది రిటైరయ్యారు. కొందరు పోయారు. పేరు మాత్రం నిలిచింది. వయసులో ఆమెకన్నా పెద్దవాళ్లు కూడా ఆమెని అక్కా అనే పిలిచేవారు.

ఆమె పని ఏమిటో చెప్పడం తేలిక. చామంతికి రాత్రి పొడుగైతే తప్ప మొగ్గ రాదు. చలి ముదిరి, పొద్దు త్వరగా గుంకే రోజులు వచ్చాక గానీ అది పూయదు. తోట పుట్టినరోజేమో అంతకి నెలన్నర ముందే వస్తుంది. వందేళ్ల కిందట ఎవరో పెద్దమనిషి తనకి తీరికైన రోజున గేటు తెరిచి వెళ్లాడు, చామంతులని అడగలేదు. ఏటా ఆ రోజునే పూల ప్రదర్శన. అందులో మొదటి వరస చామంతులదే. కాబట్టి మొక్కలకి రాత్రిని ముందే తెచ్చిపెట్టాలి. సాయంత్రం ఐదింటికి, ఎండ ఇంకా పచ్చిక మీద ఉండగానే, మడుల పైన ఉన్న ఇనప కమ్మీల మీదుగా నల్లగుడ్డ తెర లాగాలి. ఎనిమిదింటికి, బయట నిజంగా చీకటి పడ్డాక, తెర తీసెయ్యాలి. తియ్యకపోతే లోపలి ఉక్కకి మొక్క నీరసపడుతుంది. ఒకసారి మొదలుపెట్టాక మొగ్గలో రంగు కనబడేదాకా, దగ్గరదగ్గర యాభై రోజులు, ఆదివారం లేదు, సెలవు లేదు, ఒంట్లో బాగుండకపోవడం లేదు. వెలుతురు పడితే మొక్క తికమకపడుతుంది. మొగ్గ కట్టాల్సిన చోట మళ్లీ ఆకు వేస్తుంది.

ముప్పై ఆరేళ్లు ఆమె ఆ తెర లాగింది.

మిగతా ఏడాదంతా ఆ యాభై రోజుల కోసమే. చలికాలం చివర పాత మొక్కలని నేలకి జానెడెత్తు ఉంచి కోసేసేది. మొదట్లోంచి లేచిన పిలకల్ని తుంచి ఇసుకలో గుచ్చేది. వేరు పట్టాక చిన్న కుండీ, ఆ తర్వాత దానికంటే పెద్దది, ఆ తర్వాత మడి. ఎండలు ముదిరే వేళకి తలలు తుంచేది. వానలకి పక్క కొమ్మలు వేస్తే, మొగ్గ పట్టాక ఒక్కో కొమ్మకి ఒక్కటే ఉంచి, తక్కినవి గోటితో గిల్లేసేది. ఆమె కుడిచేతి బొటనవేలి గోరు ఎప్పుడూ ఆకుపచ్చగా ఉండేది. ఎంత రుద్దినా పోయేది కాదు.

రంగురంగుల రకాలు చాలా వచ్చాయి, పోయాయి. ఒక్క రకం మాత్రం మొదటినుంచీ ఉంది. తెల్లటి పువ్వు. నడుమ లేత ఆకుపచ్చ చాయ. రేకులు లోపలికి ముడుచుకుని, దోసిట్లో పట్టేంత. దానికి పెద్ద పేరేదో ఉండేదట. తోటలో అందరూ పాతతెల్ల అంటారు. నర్సరీల్లో ఎక్కడా లేదు. ఏడాదికోసారి పిలకలు తుంచి కొత్త మొక్కలు చెయ్యకపోతే ఇది రెండేళ్లలో ముసలిదై చచ్చిపోతుంది. ఆఫీసు గోడకి తోట ప్రారంభించిన నాటి ఫొటో ఒకటి ఉంది. టోపీలు పెట్టుకున్న పెద్దమనుషులు, వాళ్ల ముందు ఈ తెల్లపూలు. ఫొటో కింది మూలన ఏదో నల్లటి మడత కనిపిస్తుంది. నీడ అనుకుంటారు అందరూ. అది మడతపెట్టిన తెర అని కనిపెట్టింది ఆమె ఒక్కతే. ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు కూడా.

తోటలో సందడికి లోటులేదు. గుండ్రటి వేదిక మీద శనివారం సాయంత్రాలు సంగీతం. అద్దాల గదిలో కవులు వచ్చి చదువుతారు. ఆదివారాలు బొమ్మలు వేసేవాళ్లు పచ్చిక మీద చాపలు పరుచుకుని కూర్చుంటారు. ఒకసారి బొమ్మల మాస్టారు ఆమె దగ్గరికి వచ్చాడు.

"అమ్మా, ఆ నల్లది కాస్త తీస్తారా? బొమ్మ మధ్యలో పెద్ద మరకలా ఉంది."

"తీస్తే పూలు రావు సార్."

"పూలు మేం వేసుకుంటాం లెండి."

సంగీతం విషయంలో ఆమెది చిత్రమైన లెక్క. ఐదింటికి తెర లాగేటప్పుడు వాద్యాలు శ్రుతి చేసుకోవడం వినిపిస్తుంది. తెర లాగేసి, వెనక గేటు దాటి, తన గదికి వెళ్లి వంట చేసుకుంటుంది. ఎనిమిదింటికి తిరిగి వచ్చేసరికి చప్పట్లు. తెర లేని నెలల్లోనూ ఐదింటికి మడులు ఓసారి చూసుకుని గదికే వెళ్లిపోతుంది. శ్రుతికీ చప్పట్లకీ నడుమ ఏం జరుగుతుందో ముప్పై ఆరేళ్లలో ఆమె ఒక్కసారీ పూర్తిగా వినలేదు.

ఆ గదిలో ఒకప్పుడు ఇద్దరుండేవారు, ఆమె, ఆమె చెల్లెలు. చెల్లెలు పెళ్లి చేసుకుని వెళ్లింది. కూతురు పుట్టాక భర్త వదిలేసి ఎటో పోయాడు. చెల్లెలు ఊరి అవతలి కొసన చిన్న ఇల్లు తీసుకుని, కుట్టుపని చేసి పిల్లని పెంచింది. తెర చిరిగినప్పుడల్లా కొత్త పట్టీలు వేసి కుట్టింది కూడా ఆ చెల్లెలే. నాలుగేళ్ల కిందట ఆమెకి జబ్బు చేసింది. సరిగ్గా తెర రోజులు. ఆసుపత్రిలో ఉన్న పదకొండు రోజులూ ఐదింటక్క పొద్దున్నే వెళ్లి మూడింటికి లేచేది. చెల్లెలే లేపేది. "వెళ్లవే, నీ ఐదైపోతోంది." పదకొండో రోజు ఐదూ ఐదుకి చెల్లెలు పోయింది. అప్పుడు ఐదింటక్క మడి మీద తెరకి క్లిప్పు పెడుతోంది.

ఇది ఆమె ఉద్యోగంలో ఆఖరి ఏడు. ఏడాది చివరికి రిటైరు. వానలు వెనకబట్టిన రోజుల్లో తోట అధికారి ఆమెని గదికి పిలిచాడు. మర్యాదస్తుడు. కుర్చీ చూపించాడు.

"కూర్చోండమ్మా. మీ తర్వాత ఆ మడులు చూసేందుకు మనిషిని ఇమ్మని పైవాళ్లని అడగాలంటే నాకో కారణం కావాలి. సంగీతానికి జనం పెరిగారు. ఆ స్థలంలో బల్లలు వేద్దామని కొందరంటున్నారు. ఈసారి ప్రదర్శనలో మొదటి వరస నిండుగా ఉంటే నేను మాట్లాడగలను."

"లేకపోతే?"

"లేకపోతే బల్లలేనమ్మా."

ఆమె లేచి వచ్చేసింది. కుర్చీలో సగం మాత్రమే కూర్చుందని బయటికొచ్చాక తెలిసింది.

తెర మొదలైన మూడో రోజు చెల్లెలి కూతురు వచ్చింది. మందుల కొట్లో పనిచేస్తుంది. తల్లి లాగే పొట్టి. తల్లి లాగే నోట్లో మాట ఆగదు.

"పెద్దమ్మా, తారీఖు ఖాయమైంది."

"ఎప్పుడే?"

చెప్పింది. ఆమె వేళ్ల మీద లెక్కపెట్టింది. తెర పదహారో రోజు.

"ఎన్నింటికి?"

"చూశావా, అదే అడుగుతావనుకున్నా. ఐదున్నరకి."

"పొద్దున పెట్టుకోకూడదూ?"

"హాలు సాయంత్రానికే దొరికింది. పెద్దమ్మా, నిన్ను వంట చెయ్యమనడం లేదు. పూలు తెమ్మని అసలే అనడం లేదు. వచ్చి నా పక్కన నిలబడు, చాలు. అతని వైపు ఇరవై మంది ఉన్నారు. అమ్మ, అక్క, అత్తలు, మేనత్తలు, వాళ్ల అత్తలు. నా వైపు నువ్వొక్కదానివే. నువ్వు రాకపోతే నేను కొట్టు యజమానిని పక్కన నిలబెట్టుకోవాలి. ఆయనకి దగ్గు."

ఆమెకి నవ్వొచ్చింది. పిల్ల నవ్వలేదు.

"అమ్మప్పుడూ ఐదే అన్నావు," అంది పిల్ల, చెప్పుతో మట్టిని సర్దుతూ.

ఆమె మొక్క మీది చిగురు ఒకటి గిల్లింది. అది గిల్లాల్సిన చిగురు కాదు. గిల్లాక గాని చూసుకోలేదు.

"వస్తాను," అంది.

"ఒట్టు?"

"వస్తానన్నానుగా."

అప్పుడు ఆమెకి కొలనాయన గుర్తొచ్చాడు. అతను తోటలో తామరకొలను శుభ్రం చేసే మనిషి. మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు, నోటినిండా మాటలు. పాతికేళ్లుగా ఎప్పుడు కనబడినా "అక్కా, గంట కొట్టావా?" అని అడుగుతాడు. అతన్ని పిలిచి సంగతి చెప్పింది.

"అంతేనా? నేను లాగుతానులే. తెర లాగడమేమైనా విమానం నడపడమా?"

"నీకు తెలీదు. ఎప్పుడో మొదట్లో ఒక్కసారి సెలవు పెట్టి వేరే మనిషికి అప్పజెప్పాను. బెత్తెడు సందు వదిలాడు. బెత్తెడు వెడల్పున ఒక గీతలా పూత రాలేదు."

"బెత్తెడు వదలనక్కా. ఏకంగా నేనే తెరలో చుట్టుకుని పడుకుంటా."

ఆమె నాలుగు రోజులు నేర్పింది. ఏ చివర ముందు పట్టుకోవాలి, కమ్మీకి గుడ్డ తగులుకుంటే ఎలా విదిలించాలి, అంచు మట్టిని తాకేదాకా ఎలా దించాలి. నాలుగో రోజు అతను ఆమెకంటే నీటుగా లాగాడు. ఆమె మరోసారి లాగమంది.

ఆ వారంలోనే కరెంటువాళ్లు వచ్చారు. ప్రదర్శనకి తోటంతా కొత్త దీపాలట. నాలుగు గోతులు తవ్వి నాలుగు స్తంభాలు పాతారు. పొడవుగా, నల్లగా, కొసన వంపు తిరిగి ఉన్నాయి. వాటిలో ఒకటి చామంతి మడి మూలనే పడింది. ఆమెకి అది బాగానే పనికొచ్చింది. దానికి కొక్కెం ఒకటి ఉంటే చేతిసంచీ తగిలించుకునేది. ఎనిమిదింటికి తెర తీశాక, మడతపెట్టి, తడి తగలకుండా ఆ కొక్కేనికే వేసి వెళ్లేది.

పదహారో రోజు వచ్చింది. రెండింటికే స్నానం చేసింది. చెల్లెలు ఎప్పుడో కుట్టి ఇచ్చిన జాకెట్టు పెట్టెలోంచి తీసింది. కాస్త వదులైంది. బొటనవేలిని నిమ్మచెక్కతో రుద్దింది. నాలుగింటికి తోట ముందు బస్సెక్కింది. కొలనాయన గేటు దాకా వచ్చి చెయ్యూపాడు. "నేను గంట కొడతాలే, పో."

కిటికీ పక్క సీటు. ఆ దారిన, ఆ వేళప్పుడు, ఆమె ఎన్నడూ ప్రయాణించలేదు. ఎండ మేడల గోడల మీద పసుపు రంగులో పడుతోంది. బడి నుంచి వస్తున్న పిల్లలు. చొక్కాలు ఆరేసిన వసారాలు. జనం సాయంత్రాన్ని ఇలా వాడుకుంటారన్నమాట, అనుకుంది. మూడు స్టాపులు గడిచాయి. నాలుగో స్టాపులో ఒకామె ఉతికిన బట్టల మూట ఒళ్లో పెట్టుకుని వచ్చి పక్కన కూర్చుంది. మూట మీద చిన్న చెక్క క్లిప్పు ఒకటి, బట్టతో పాటే వచ్చేసినట్టుంది.

ఐదింటక్క ఆ క్లిప్పునే చూసింది. నైరుతి మూల తెర కుట్టు పలచబడి గాలికి లేస్తుంది. అక్కడ బట్టల క్లిప్పు పెట్టాలి. ముప్పై ఆరేళ్లుగా చెయ్యి దానంతటదే పెడుతుంది కాబట్టి, అది పని అని ఆమెకి తోచలేదు. అన్నీ నేర్పింది, క్లిప్పు సంగతి చెప్పలేదు.

చిన్న సంగతే, అనుకుంది. ఒక్కరోజుకి ఏమీ కాదు, అనుకుంది. పడమటి ఎండ సరిగ్గా ఆ మూల నుంచే వస్తుంది, అనుకుంది. ఐదో స్టాపులో దిగిపోయింది.

ఎదురు బస్సు రాలేదు. నడిచింది. కొంత దూరం పరిగెత్తింది. ఆ వయసులో, ఆ చీరతో. తోట గేటు దాటేసరికి ఐదూ పది. వాద్యాలు శ్రుతి చేసుకుంటున్నాయి.

తెర లాగేసి ఉంది. ఎక్కడా ముడత లేదు. అంచు మట్టిని తాకుతోంది. నైరుతి మూలకి వెళ్లి వంగి చూసింది. క్లిప్పు పెట్టి ఉంది. దాని పక్కన ఇంకోటి.

కొలనాయన వచ్చి ఆమెని చూసి ఆగిపోయాడు.

"ఇదేంటక్కా?"

"క్లిప్పు చెప్పడం మర్చిపోయా."

"నువ్వు పెడుతుంటే రోజూ చూస్తున్నాగా. ఒకటి వదులుగా ఉందని ఇంకోటి పెట్టా." అతను ఆమె చీర వంక చూశాడు. బూట్ల వంక చూసుకున్నాడు. "ఇప్పుడైనా వెళ్లు. టాక్సీ పిలుస్తా. సగంలో వెళ్లినా వెళ్లినట్టే."

"సగంలో వెళ్తే అందరూ వెనక్కి తిరిగి చూస్తారయ్యా."

"చూస్తే చూస్తారు. నీకేమైనా తోక ఉందా?"

ఆమె మడి గట్టు మీద కూర్చుంది. వెళ్తే ఏడింటికి చేరుతుంది. అప్పటికి కొట్టు యజమాని దగ్గుతూ పక్కన నిలబడి ఉంటాడు. పిల్ల నవ్వుతూనే ఉంటుంది, నవ్వక తప్పదు కాబట్టి. ఈమె గుమ్మంలో నిలబడి, క్లిప్పు కోసం వెనక్కి వెళ్లాను అని చెప్పాలి. చెల్లెలైతే ఆ మాటకి పగలబడి నవ్వేది. ఫోను చేసింది. మోగి మోగి ఆగిపోయింది. ఎనిమిదింటికి తెర తీసి, మడతపెట్టి, స్తంభం మీద వేసి, గదికి వెళ్లింది.

పిల్ల మళ్లీ ఫోను చెయ్యలేదు. ఐదింటక్క రెండుసార్లు చేసి ఊరుకుంది. ఇంటికి వెళ్దామంటే పిల్ల పొద్దంతా కొట్లో ఉంటుంది. ఇంట్లో ఉండేది సాయంత్రాలే.

ఇరవయ్యో రోజుకి మొగ్గ కనబడాలి. చిగుళ్ల నడుమ ఆవగింజంత గట్టిదనం వేలికి తగలాలి. తగల్లేదు. ఇరవై మూడో రోజు దూరపు వరసలో కొన్నింటికి తగిలింది. దగ్గరి వరసలన్నీ ఆకులే వేస్తున్నాయి. ఆమె ముందు తెరని అనుమానించింది. పగలు దాన్ని ఎండకి ఎత్తి పట్టుకుని, కింద నిలబడి చూసింది. సూదిమొన కన్నాలు, చుక్కల్లా. కూర్చుని ఒక్కొక్కటే కుట్టింది. చెల్లెలు కుట్టిన చోట్ల కుట్లు ఇంకా గట్టిగానే ఉన్నాయి, వదులైనవన్నీ ఆ తర్వాత ఈమె కుట్టినవే. ఆ తర్వాత తనని తాను అనుమానించింది. ఏదో ఒక రోజు ఐదు దాటాక లాగానేమో, ఎనిమిదికి ముందే తీశానేమో. ఆ తర్వాత, ఒక్కరోజు, కొలనాయన్ని కూడా అనుమానించింది. అతనితో మాట్లాడలేదు. అతను మర్నాడు వచ్చి, "గంట కొట్టావా అక్కా?" అని ఎప్పటిలాగే అడిగాడు. ఆమెకి సిగ్గేసింది.

ముప్పయ్యో రోజు పొద్దున రాత్రి కాపలా మనిషి డ్యూటీ దిగి వెళ్తూ మడి దగ్గర ఆగాడు. కబుర్లకి మొహం వాచిన మనిషి. రాత్రంతా మాట్లాడేందుకు ఎవరూ ఉండరు.

"ఈ దీపాలు వచ్చాక ప్రాణం సుఖంగా ఉందక్కా. మొన్నటిదాకా పాము కనబడేది కాదు, తాడు కనబడేది కాదు. ఇప్పుడు నీ మొక్కలు ఆకు ఆకూ లెక్కపెట్టొచ్చు. పట్టపగలే అనుకో."

"ఏ దీపాలు?"

"ఇవే." స్తంభాన్ని చేత్తో తట్టాడు. దాని మీద మడతపెట్టిన తెర ఉంది. "తొమ్మిదింటికి గేట్లు వేశాక వాటంతటవే వెలుగుతాయి. తెల్లారి ఐదింటిదాకా."

ఆమె చేతిలో మట్టిగంప ఉంది. దాన్ని నెమ్మదిగా కింద పెట్టింది.

ఆ రోజు తెర తీశాక గదికి వెళ్లలేదు. గట్టు మీద కూర్చుంది. తొమ్మిదైంది. చిటుక్కుమని చిన్న చప్పుడు. తెల్లటి వెలుగు మడి మీద పడింది. చల్లగా, నిశ్చలంగా, ఒక్క మొక్కనీ వదలకుండా. ఆమె స్తంభం మొదట్లో తాడు కట్టి, దూరపు వరస దాకా లాక్కుని వెళ్లి, మొగ్గ మొదలైన చోట ముడి వేసింది. ఆ ముడి పట్టుకుని మడి చుట్టూ నడిచింది. ముడికి ఇవతల ఎక్కడా మొగ్గ లేదు. అవతల ఉంది. గీత గీసినట్టు.

తెరలో లోపం లేదు. ఐదులో లోపం లేదు. క్లిప్పు పెట్టినా పెట్టకపోయినా ఒక్కటే. పిల్ల పెళ్లినాటికే దీపం వెలుగుతోంది. రోజూ మూడు గంటల చీకటిని ఆమె ఆ మొక్కలకి ఇచ్చింది. రోజూ ఎనిమిది గంటల పగటిని ఆ దీపం ఇచ్చింది. ఆ స్తంభానికే సంచీ తగిలించుకుంది. దాని మీదే తెర ఆరబెట్టుకుంది.

అధికారి విన్నాడు. నిజంగానే నొచ్చుకున్నాడు. "దీపం మొక్కని పాడుచేస్తుందని నాకు తట్టలేదమ్మా. ఎవరికి తడుతుంది?" దీపాలన్నీ ఒకే తీగ మీద ఉన్నాయట. ఒకదాన్ని ఆర్పాలంటే కరెంటువాళ్లు మళ్లీ రావాలి. వాళ్లకి ఉత్తరం రాస్తానన్నాడు. "మళ్లీ మొదలుపెడితే ప్రదర్శనకి అందుకుంటాయా?"

"నెల ఆలస్యం."

"అయితే..." అన్నాడు. మాట పూర్తి చెయ్యలేదు. చెయ్యనవసరం కూడా లేదు.

ఆ మధ్యాహ్నం ఆమె తెరలోంచి దుప్పటంత ముక్క కత్తిరించింది. కొలనాయన నిచ్చెన పట్టుకున్నాడు. ఆమె ఎక్కి, దీపం తలకి ఆ నల్లగుడ్డ చుట్టి, సుతిలితో మూడు ముళ్లు వేసింది. పైనుంచి తోట మొత్తం కనబడింది. ముప్పై ఆరేళ్లలో అంత ఎత్తునుంచి ఎప్పుడూ చూడలేదు. మడి చాలా చిన్నదిగా ఉంది.

"కాపలా ఆయన అడిగితే?" అన్నాడు కొలనాయన.

"దీపానికి చలేస్తోందని అక్క దుప్పటి కప్పిందని చెప్పు."

అతను నిచ్చెన ఊగేలా నవ్వాడు. నవ్వి, "మొత్తానికి గంట ఆపేశావన్నమాట," అన్నాడు.

పూర్తిగా ఆపలేదు. దూరపు వరసకి రంగు వచ్చేదాకా మిగిలిన తెర లాగింది. ప్రదర్శన రోజుకి పధ్నాలుగు పూలు విచ్చాయి. పధ్నాలుగూ పాతతెల్లలే. అధికారి బయటినుంచి కుండీలు తెప్పించి ముందు వరస నింపాడు. ఎర్రవి, పసుపువి, అన్నీ ఒకే ఎత్తు. జనం వాటి ముందు నిలబడి ఫొటోలు తీయించుకున్నారు. వెనక పధ్నాలుగు తెల్లపూలు ఎవరి భుజాల మీదుగానో కనబడుతూ ఉన్నాయి. బొమ్మల మాస్టారు ఒక్కడు వెనక్కి వచ్చి చూశాడు. "ఇవి పోయినేడు ఎక్కువుండేవి కదమ్మా," అన్నాడు. "ఉండేవి," అంది. మర్నాడు బల్లల కొలతలు తీసుకునేందుకు మనిషి వచ్చాడు.

ఆ తర్వాతి సాయంత్రాలు ఆమెకి ఏం చెయ్యాలో తెలియలేదు. ఐదవగానే కాళ్లు లేచేవి. మడి దాకా వెళ్లి వెనక్కి వచ్చేవి. ఒక శనివారం సంగీతానికి వెళ్లి కూర్చుంది. శ్రుతి అయ్యాక ఏమొస్తుందో విందామని. అరగంటయ్యాక పక్కనున్నామె వంగి, "కాస్త చేతులు కదపకండి," అని గుసగుసగా అంది. అప్పుడు చూసుకుంది. రెండు చేతులూ గాలిలో లేని గుడ్డని లాగుతున్నాయి. చేతులు ఒళ్లో పెట్టుకుని చివరిదాకా కూర్చుంది. బాగుందో లేదో తేల్చుకోలేకపోయింది. చాలా పొడుగు, అనిపించింది.

పొద్దు కురచైంది. పొగమంచు పట్టింది. వేదిక మీద ఆకులు రాలి ఉన్నాయి, ఊడ్చేవాళ్లు వారానికోసారి వస్తున్నారు. సాయంత్రాలు తోటలో ఎవరూ ఉండటం లేదు. అప్పుడు మడిలో మొగ్గలు వచ్చాయి. ఎవరూ తెర లాగకుండా, వాటి రాత్రి వాటికి దొరికాక వచ్చాయి. ఆమె పక్కవి గిల్లింది, అలవాటుగా. ఆఖరి వారంలో, ఆమె రిటైరవడానికి అయిదు రోజులుందనగా, అన్నీ ఒక్కసారి విచ్చాయి. నూట అరవై పూలు. ఇంత పెద్దవి ఆమె ఎప్పుడూ చూడలేదు. తెర కింద పూసినవాటికంటే రేకులు బరువుగా, నడుమ ఆకుపచ్చ ఇంకాస్త ముదురుగా. చూసేందుకు ఆమె, కొలనాయన, ఒక కుక్క.

"ఇన్నాళ్లూ పాపం వీటిని తొందరపెట్టామన్నమాట," అన్నాడు కొలనాయన. తర్వాత, కొలను గట్టు మీద చోటుందని, రెండు కుండీలు తనకిమ్మని అడిగాడు. "తెరా గిరా నా వల్ల కాదు. ఎప్పుడు పూస్తే అప్పుడే. పిలకలు ఎలా తుంచాలో మాత్రం చూపించు."

చూపించింది. ఒక్కసారికే నేర్చుకున్నాడు. ఈసారి మళ్లీ చెయ్యమనలేదు.

తోటలో పువ్వు కొయ్యకూడదు. పనివాళ్లకి ఇంకా గట్టి నియమం. ముప్పై ఆరేళ్లలో ఆమె రాలిన రేకు కూడా ఇంటికి తీసుకెళ్లలేదు. అధికారి దగ్గరికి వెళ్లి అడిగింది. అతను కిటికీలోంచి మడి వైపు చూశాడు. సోమవారం ఆ మడి తవ్వేస్తారు.

"మీ ఇష్టమమ్మా. అన్నీ మీవే."

శనివారం మధ్యాహ్నం కోసింది. కొన్ని కొలనాయనకి, కొన్ని కాపలా మనిషికి. ఫొటో కింద బల్ల మీద గాజు గ్లాసులో మూడు. మిగతావి రెండు ప్లాస్టిక్ బకెట్లలో, మెడదాకా నీళ్లలో. రెండు చేతులా రెండు బకెట్లు పట్టుకుని మూడున్నరకి బస్సెక్కింది. కండక్టరు, "పెళ్లికా అమ్మా?" అని అడిగాడు. ఆమె అవునంది.

నాలుగో స్టాపు, ఐదో స్టాపు దాటాయి. ఆ వేళప్పుడు ఆ తర్వాతి దారి ఆమెకి కొత్త.

పిల్ల ఇల్లు మూడో అంతస్తులో. మెట్టు మెట్టుకీ ఆగుతూ ఎక్కింది. తలుపుకి తాళం వేసి ఉంది. గుమ్మం పక్కన రెండు జతల చెప్పులు, ఒకటి పెద్దవి. గోడ గడియారం ఎవరింట్లోనో ఐదు కొట్టింది. ఆమె బకెట్లు కింద పెట్టి మెట్టు మీద కూర్చుంది. పక్కింటామె తలుపు తీసి, పూల వంక చూసి, "కొట్టు ఆరింటిదాకా ఉంటుంది. లోపలికి వచ్చి కూర్చోండి," అంది. ఇక్కడే బాగుందంది. మెట్ల కిటికీలో వెలుగు పసుపైంది. తర్వాత బూడిదరంగైంది. తర్వాత పోయింది. మెట్ల దీపం ఎవరూ వెయ్యలేదు. చీకట్లో తెల్లపూలు మాత్రం ఇంకా కాస్త కనబడుతున్నాయి. ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుంది. అవి కదల్లేదు.

ఆరున్నరకి కింద అడుగుల చప్పుడైంది. పొట్టి అడుగులు, తొందర అడుగులు. మూడో మలుపులో ఆగిపోయాయి.

"ఎవరూ?"

"నేనే."

పిల్ల ఇంకో రెండు మెట్లెక్కింది. బకెట్లని చూసింది. ఆమెని చూసింది.  సంచీలో తాళంచెవి వెతుక్కోవడం మొదలుపెట్టింది, అది చేతిలోనే ఉన్నా.

"ఎంతసేపైంది వచ్చి?"

"ఐదింటికి వచ్చానే."

పిల్ల తలుపు తీసింది. లోపలికి వెళ్లి దీపం వేసింది. రమ్మనలేదు. తిరిగి వచ్చి, ఒక బకెట్‌ని వంగి రెండు చేతులా ఎత్తి, తలుపు మూసుకుపోకుండా దానికి అడ్డంగా పెట్టింది.